ఆటపెట్టెకు కవరు కొనేముందు

మైదుకూరు పక్క పల్లె నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. ఇంటాయన కువైట్‌లో ఉంటాడట. ఈసారి సెలవుకు వస్తూ పిల్లలిద్దరికీ కలిపి నింటెండో స్విచ్ అనే చేతి వీడియోగేమ్ తెస్తున్నాడట. "అక్కా, దానికొక మంచి కవరు చూసి పెట్టమని ఆయన ఫోనులో చెప్పినాడు. అంగట్లో నూటయాభైకి మెత్తటి సంచి చూపిస్తున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే పదిహేను వందలవీ ఉన్నాయి. ఏది తీసుకోవాలో తోచడం లేదు" అని అడిగింది.

వంటిల్లూ, బీరువాలూ, ఊరగాయ జాడీలూ గురించి చెప్పుకునే ఈ పేజీలో ఇదెక్కడి ప్రశ్న అనుకోకండి. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా దాన్ని పదికాలాలు నిలబెట్టే పని చివరికి మన నెత్తినే కదా పడేది! పైగా ఇది అల్లాటప్పా వస్తువు కాదు. అక్కడ ఎండలో ఒక మనిషి నెలల తరబడి కూడబెట్టిన డబ్బు. కువైట్ ఎండంటే మామూలు ఎండ కాదు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఇక పాడైతే బాగుచేయడానికి మన కర్నూల్లోనూ కడపలోనూ కంపెనీవాళ్ళ రిపేరు కేంద్రం లేదు. కాబట్టి ముందుజాగ్రత్తే మనకు దిక్కు.

అంగళ్ళలో దీన్ని 'క్యారీయింగ్ కేసు' అంటారు. మన సీమలో ఇంట్లో కేసు అన్న మాట వినపడితే మగవాళ్ళు పేపరు దించి "ఎవరి మీద?" అని అడుగుతారు. అందుకని మనం కవరు అనే అనుకుందాం.

ఆన్‌లైన్‌లో ఈ కవర్ల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా రంగులూ, బొమ్మలూ, ఎన్ని జేబులున్నాయీ అని చెబుతారు. వాళ్ళ ఊళ్ళకు అవి చాలేమో. మన ఇళ్ళ సంగతి వేరు. ముందు మన నేల చూడండి. కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. చల్లగా ఉంటాయని ఎండాకాలం పిల్లలు వాటిమీదే బోర్లా పడుకొని ఆడతారు. ఆ బండమీద స్టీలు గ్లాసు పడితే సొట్టపోతుంది, పింగాణీ కప్పు పడితే చీపురు తెచ్చుకోవాల్సిందే. మామూలు స్విచ్ బరువు దాదాపు 400 గ్రాములు. ఆ బరువు నడుమెత్తు నుంచి బండమీద మూల తగిలేట్టు పడిందంటే ఇక చెప్పేదేముంది?

పాతకాలపు ఆటపెట్టెలు మొండివి. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ ఒకటి గల్ఫు యుద్ధంలో బాంబు దెబ్బకు పైపెంకు కాలి కరిగిపోయినా పనిచేసిందని, న్యూయార్కులోని కంపెనీ దుకాణంలో చాలా ఏళ్ళు అద్దాల్లో పెట్టి చూపించారు. ఇప్పటివి అంత మొండివి కావు. తెర పెద్దది, ఒళ్ళు పల్చన.

అందుకే నా ఓటు మెత్తటి సంచికి కాదు, గట్టి పెంకున్న కవరుకే. ఇందులో ఇంకో కారణం కూడా ఉంది. ఆటపెట్టెకు రెండు పక్కలా పుట్టగొడుగుల్లా పైకి లేచిన రెండు బొడిపెలుంటాయి, బొటనవేలితో తిప్పేవి. మెత్తటి సంచిలో పెట్టి స్కూలు బ్యాగులో దూరిస్తే పైనున్న పుస్తకాలూ, నీళ్ళ సీసా బరువంతా ఆ బొడిపెల మీదే పడుతుంది. వాటి కింద సందుల్లోకి దుమ్ము దిగినా కష్టమే. నాలుగు రోజులకు పిల్లవాడు ముట్టుకోకుండానే ఆటలో బొమ్మ తనంతట తాను ఒక పక్కకు నడవడం మొదలుపెడుతుంది. ఈ జబ్బు వచ్చాక ఆ పక్క భాగమే మార్చుకోవాలి. చిన్నదైన లైట్ మోడల్లో అయితే ఆ పక్క భాగాలు ఊడిరావు కూడా, పెట్టెనే రిపేరుకు పంపాలి.

గట్టి కవర్లు చాలామటుకు ఈవీఏ అనే పదార్థంతో చేస్తారు. తేలికపాటి చెప్పుల అడుగున వాడే స్పాంజిలాంటిదే, అచ్చులో పోసి గట్టిపరుస్తారు. కొనేటప్పుడు మూత మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కొబ్బరికాయ ముదురుదో లేతదో చూసినట్టే! లోపలికి సొట్టపోయి వెంటనే లేవకపోతే ఆ కవరు వద్దు. మూత కొంచెం వంగినా లోపల బొడిపెలకు తగలనంత ఖాళీ ఉండాలి. అదీ అసలు పరీక్ష.

కొలత విషయంలో చాలామంది తొందరపడతారు. స్విచ్ అంటే ఒకటే వస్తువు కాదు. 2017లో వచ్చిన మొదటిది 23.9 సెంటీమీటర్ల పొడుగు. 2019లో వచ్చిన లైట్ 20.8 సెంటీమీటర్లే. 2021 నాటి ఓలెడ్ మోడలు 24.2. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఏకంగా 27.2 సెంటీమీటర్లు, వెడల్పు కూడా 11.6. పాత స్విచ్ కవర్లో కొత్తది పట్టదు. లైట్‌ను పెద్ద కవర్లో వేస్తే గుమ్మడికాయలో గింజలాగా లోపల దొర్లుతుంది. దొర్లితే గట్టి పెంకు ఉండి కూడా లాభం లేదు, ఆ పెంకుకే కొట్టుకుంటుంది.

దర్జీకి ఆది రవిక ఇస్తాం కదా, అట్లా దీనికీ ఒక ఆది చేసుకోండి. ఆటపెట్టె ఇంకా ఇల్లు చేరకపోయినా ఏ మోడలో ఫోనులో అడిగి తెలుసుకుని, పాత నోటుబుక్కు అట్టమీద స్కేలుతో ఆ పొడుగూ వెడల్పూ గీసి కత్తిరించండి. అంగట్లో కవరు తెరిచి అట్టను లోపల పెడితే మూడు నిమిషాల్లో తేలిపోతుంది. చుట్టూ చిటికెన వేలు మందం సందు ఉంటే చాలు. మందం కూడా మరవకండి. ఒళ్ళు 1.4 సెంటీమీటర్లే అయినా, బొడిపెల కొస నుంచి వెనకవైపు మీటల దాకా కొలిస్తే మామూలు స్విచ్ 2.8 సెంటీమీటర్లు వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు కవరు బయటి కొలత కాదు, లోపలి కొలత ఎంతో వెతికి చూసుకోవాలి. ఫొటోలో అన్నీ పెద్దగానే కనపడతాయి!

ఇక దుమ్ము. కర్నూలు వైపు నల్లరేగడి, ఇటు వస్తే ఎర్రమన్ను, ఊరి బయట బండల గనుల పొడి. గాలివాన రోజుల్లో తలుపులు మూసినా దుప్పట్ల మీద చేత్తో పేరు రాయొచ్చు. మనకు కనపడే మెత్తటి దుమ్ములో సన్నటి ఇసుక రేణువులుంటాయి. కవరు లోపల మఖమలులాంటి మెత్తటి బట్ట వేస్తారు, చూడడానికి ఎంత బాగుంటుందో! కానీ ఆ బట్ట దుమ్మును పట్టుకుని వదలదు. పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా అదే గరుకు కాగితంలా తెరను రుద్దుతుంది. నునుపైన, దగ్గర నేతగల బట్ట ఉన్నదే మేలు. వారానికోసారి కవరును తలకిందులు చేసి తట్టి, వాడని పెయింటు బ్రష్షుతో మూలలు దులిపి, ప్లాస్టరు టేపు జిగురు పక్కతో అద్దితే మిగిలిన దుమ్మంతా వచ్చేస్తుంది. పైన మరకలుంటే తడిగుడ్డతో తుడిచి నీడలోనే ఆరబెట్టండి. వడియాల పక్కన మిద్దెమీద పెట్టారంటే లోపలి జిగురు వదిలి బట్ట ఊడొస్తుంది. తోలులా కనిపించే రెక్సిన్ కవర్లు కూడా మన ఎండకు రెండేళ్ళలో పొట్టు రాలుస్తాయి, హ్యాండుబ్యాగుల సంగతి మనకు తెలియనిదా!

జిప్పు చుట్టూ తిరిగి పూర్తిగా మూసుకోవాలి. ఒక పక్క తెరిచి ఉండే కవరు మన దుమ్ముకు పనికిరాదు. జిప్పు పళ్ళు ఆటపెట్టెకు తగలకుండా లోపల చిన్న బట్ట అంచు కుట్టి ఉందా అని చూడండి. జిప్పు బిగుసుకుంటే నూనె రాయకండి, దుమ్మంతా అక్కడికే చేరుతుంది. కొవ్వొత్తి ముక్కతో నాలుగుసార్లు రుద్దితే చాలు.

తెర సంగతి ఒకటి చెప్పాలి. ఓలెడ్ మోడలుకు తెర గాజుది. దానిమీద కంపెనీవాళ్ళే ఒక పల్చటి పొర అతికించి పంపుతారు. స్విచ్ 2కూ అంతే. గాజు పగిలితే ముక్కలు చిందకుండా ఉండడానికది. కొత్త ఫ్రిజ్ మీద ప్లాస్టిక్కు పీకినట్టు దాన్ని పీకేయకూడదు. మొదటి స్విచ్‌కూ లైట్‌కూ తెర ప్లాస్టిక్కు, పగలడం తక్కువ గానీ గీతలు తొందరగా పడతాయి. ఏ మోడలైనా పైన ఇంకో రక్షణ అద్దం వేయించడం మంచిదే.

ఇన్ని చెప్పాను గానీ, మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. దీని గురించి కవరు అమ్మేవాడు ఒక్క ముక్క చెప్పడు.

స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని కంపెనీ చెబుతుంది. 2022 వేసవిలో జపానులో ఎండలు ముదిరితే ఇదే మాట మళ్ళీ గుర్తుచేసి జనాన్ని హెచ్చరించింది కూడా. 35 డిగ్రీలు! మనకు అది మార్చి నెల పొద్దుటి మాట. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో 42, 43 మామూలే. అట్లాగని పిల్లలను ఆడుకోవద్దంటామా? ఫ్యాను కింద, లోపలి గదిలో, పొద్దున్నా సాయంత్రమూ ఆడుకోమనండి. నడిమధ్యాహ్నం రేకుల షెడ్డులో మాత్రం వద్దు.

ఆడినంతసేపూ ఆ పెట్టె వేడెక్కుతుంది. లోపల చిన్న ఫ్యాను ఉండి పైనున్న సందుల్లోంచి వేడిగాలిని తోస్తుంది. ఆట ఆపగానే పిల్లలేం చేస్తారు? టక్కున కవర్లో వేసి జిప్పు లాగేస్తారు. ఆ మందపాటి స్పాంజి దెబ్బను ఆపినట్టే వేడినీ బయటికి పోనివ్వదు. వేడన్నం హాట్‌బాక్సులో పెట్టినట్టే! అందుకే ఆట అయ్యాక పది పదిహేను నిమిషాలు బండమీద కాదు, బల్లమీద నీడలో ఆరనిచ్చి, చేత్తో తాకితే చల్లగా ఉన్నప్పుడే కవర్లో పెట్టాలి. కవర్లో ఉంచి చార్జింగు పెట్టడం అసలు వద్దు. ఇంకొకటి, మీట ఒకసారి నొక్కితే తెర ఆరిపోతుంది గానీ పెట్టె నిద్రపోతుందంతే, పూర్తిగా ఆగదు. ప్రయాణానికి కట్టేటప్పుడు ఆ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆపే వీలు తెరమీద వస్తుంది. అట్లా ఆపి కవర్లో పెట్టండి.

వేడెక్కిందని కొందరు ఫోన్లను ఫ్రిజ్‌లో పెడతారు. మరికొందరు పెద్దవాళ్ళు మంచినీళ్ళ కుండకు చుట్టినట్టు తడిగుడ్డ చుట్టమంటారు. రెండూ వద్దు. తేమ లోపలికి దిగితే ఎండకంటే ఎక్కువ చెరుపు.

ఎండలో నిలిపిన కారులో బయటికంటే ఇరవై డిగ్రీల దాకా వేడి ఎక్కువవుతుంది. పెళ్ళికి పోయి కారు కల్యాణమండపం ముందు ఎండలో పెట్టి, పిల్లల ఆటపెట్టె వెనక అద్దం దగ్గర వదిలేస్తే ఎంత ఖరీదు కవరైనా కాపాడలేదు. ఇందులో ఉండేది లిథియం బ్యాటరీ. వేడికి అది ఉబ్బుతుంది. నిన్నటిదాకా సులువుగా పట్టిన పెట్టె ఇవాళ కవర్లో బిగుతుగా దిగుతోందన్నా, వెనక భాగం ఉబ్బెత్తుగా కనిపించినా, తెర అంచు లేచినా వెంటనే ఆపి, చార్జింగు పెట్టకుండా, తెలిసినవాళ్ళకు చూపించండి. నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో గుచ్చడం అంతకన్నా వద్దు. కవరు మరీ బిగుతుగా ఉండకూడదని ఇందుకే అన్నాను.

రంగు విషయంలో నాదొక పట్టుదల. నలుపు కవర్లే ఎక్కువ దొరుకుతాయి, మాసినా కనపడదని మగపిల్లలు అవే అడుగుతారు. ఎండ తగిలితే నలుపు తొందరగా వేడెక్కుతుంది. లేత బూడిదరంగో, పసుపో, ఎరుపో తీసుకోండి. ముదురు రంగు సీటుమీద వదిలేసినా కంటబడుతుంది. లోపలి అంచున ఇంటి ఫోను నంబరు ఒక బట్టముక్క మీద కుట్టేయండి, ఆర్టీసీ బస్సుల్లో మరిచిపోయినవి దొరికే ఆశైనా ఉంటుంది.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు మీదుగా కడపకు దగ్గరదగ్గర రెండు వందల కిలోమీటర్లు. ఆ ప్రయాణంలో కవరును పైన బల్లమీద పెట్టకండి, ఒక గతుకు చాలు కిందికి రావడానికి. కాళ్ళ దగ్గర పెడితే ఇంజను పక్క సీట్లలో వేడి. ఒళ్ళో పెట్టుకోవడమే మేలు. మధ్యాహ్నం బస్సయితే కర్నూలు నుంచి పోయేటప్పుడు కుడిపక్క కిటికీలకు ఎండ కొడుతుంది, ఎడమపక్క కూర్చోండి. ఇది ఆటపెట్టె లేనివాళ్ళకు కూడా పనికొచ్చే మాట! విమానంలో తెచ్చేవాళ్ళు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పవర్‌బ్యాంకు అయితే పెద్దపెట్టెలో వేయనే కూడదు.

కవర్లో ఇంకేమేం పెట్టవచ్చు? ఆటల కార్డులు గోరంత ఉంటాయి, వాటికి విడిగా చిన్న అరలున్న కవరు మంచిది. చంటిపిల్లలు మింగకుండా ఆ కార్డులకు చేదు మందు పూసి ఉంచుతారు. మన కాకరకాయ దాని ముందు చక్కెరే అంటారు రుచి చూసినవాళ్ళు. అయినా పాకే పిల్లలున్న ఇంట్లో కింద వదలకండి. చార్జరు మాత్రం అదే అరలో కుక్కవద్దు. దాని పిన్ను తెరకు గీసుకుంటుంది. మూతకు వల జేబు ఉంటే, ఆ జేబుకూ తెరకూ మధ్య అడ్డుబట్ట ఉండితీరాలి. లేకుంటే చార్జరును వేరే సంచిలో వేయండి. బొరుగులూ, బుడ్డలూ పొట్లం కట్టి కవర్లో దాచే పిల్లలున్నారు, కనిపెట్టి ఉండండి. మిరపకాయ బజ్జీ తిన్న చేతుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ధర మాటకొస్తే, ఐదారు వందల నుంచి వెయ్యి లోపల సరైన గట్టి కవరు దొరుకుతుంది. అంతకు మించి పెట్టేది చాలావరకు బొమ్మకూ పేరుకూ. ఆ మిగిలిన డబ్బుతో తెరకు రక్షణ అద్దం వేయించండి. నూటయాభై సంచి దండగ అనను, ఇంట్లో దుమ్ము పడకుండా కప్పి ఉంచడానికి చాలు. కానీ ఆ మాత్రందానికి డబ్బెందుకు? మనమే కుట్టుకోవచ్చు.

మామూలు స్విచ్‌కు అయితే 32 సెంటీమీటర్ల పొడుగు, 18 వెడల్పు ముక్కలు రెండు కత్తిరించండి. పైకి పాత జీన్సుప్యాంటు బట్ట, లోపలికి మెత్తబడిన నూలు చీర, మధ్యలో సన్నటి స్పాంజి పెట్టి బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్లు వేయండి. మూడువైపులా సెంటీమీటరున్నర వదిలి కలిపి కుట్టి, పైన మడతమూతకు రెండు టిచ్ బటన్లు పెట్టండి. లోపల తగినంత చోటు మిగులుతుంది, బొడిపెలతో సహా సులువుగా దిగుతుంది. జరీ ఉన్న చీర లోపలికి వాడొద్దు, తెరకు గీతలు పడతాయి. ఇది గూట్లో పెట్టుకోవడానికి, గది నుంచి గదికి తీసుకుపోవడానికి. బస్సుకు మాత్రం గట్టి కవరే.

అందరి ఇళ్ళకూ కువైట్ నుంచో అమెరికా నుంచో స్విచ్ రాదు. తిరునాళ్ళలో, ఫోను అంగళ్ళలో కొన్ని వందలకు దొరికే 'నాలుగువందల ఆటల' చిన్నపెట్టె కూడా పిల్లలకు బంగారమే. దానికి వెయ్యి రూపాయల కవరు అక్కర్లేదు. కంప్యూటరు హార్డ్‌డిస్కులకని అమ్మే చిన్న గట్టి పౌచి చాలావాటికి సరిపోతుంది, పెట్టెను వెంట తీసుకుపోయి పెట్టి చూడండి. అందులో ఎక్కువగా వచ్చేది పాత నోకియా ఫోన్లలో వాడిన రకం బ్యాటరీ. 2007లో ఆ రకంలో కొన్ని వేడెక్కుతాయని తెలిసి, నోకియా వాళ్ళు 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలకు మార్పిడి ప్రకటించారు. ఇప్పుడు ఈ బొమ్మల్లో వచ్చేవి ఎవరు చేసినవో పైన సరిగ్గా రాసి కూడా ఉండదు. కాబట్టి ఆడనప్పుడు బ్యాటరీ ఊడదీసి విడిగా పెట్టడం మంచిది. రాత్రంతా చార్జింగులో వదలొద్దు.

బళ్ళు తెరిచాక ఆటపెట్టెను బీరువాలో దాచేస్తాం కదా. కవర్లో పెట్టి, పైన బట్టల మూటలు లేకుండా, పడుకోబెట్టినట్టు ఉంచండి. పక్కన నాఫ్తలీన్ ఉండలు వేయకండి, వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడి అంటుకుంటాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు దాచొద్దు. కనీసం ఆరునెలలకోసారి చార్జింగు పెట్టాలని కంపెనీ చెబుతుంది, లేకుంటే మళ్ళీ చార్జింగు ఎక్కకపోవచ్చు. దసరాకొకసారి, సంక్రాంతికొకసారి తీస్తే లెక్క సరిపోతుంది.